గాజు సీసాలో ప్రైమర్లు

నా చిన్నతనం కువైట్‌లో, జాబ్రియాలోని ఒక కువైటీ ఇంటి వెనక గదిలో గడిచింది. నాన్న ఆ ఇంటి డ్రైవరు, అమ్మ పనిమనిషి. మా ముగ్గురి ఇఖామాలూ, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే అనుమతులూ, ఆ యజమాని చేతిలోనే ఉండేవి. ఆయన్ని బాబా అనేవాళ్ళం.

బాబాకు పిస్తోలు పోటీలంటే పిచ్చి. కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలు తెచ్చి, మేడమీది గదిలో మళ్ళీ నింపుకునేవారు. గొట్టం అడుగున నిప్పు రాజేసే బుల్లి మూతను ప్రైమర్ అంటారు. చొక్కా గుండీ అంత కూడా ఉండదు. అందులో మెత్తగా రాజేసేది ఒక రకం, గట్టిగా రాజేసేది ఇంకో రకం. ఎంపిక తప్పితే పిస్తోలు చేతిలోనే పేలవచ్చు.

పోటీ రేపనగా ఆ గది తలుపు తీసి ఉంటే అమ్మ ఊడవడానికి వెళ్ళింది. సగం ఖాళీ అయిన ప్రైమర్ల పెట్టెలు రెండు కనబడ్డాయి, రకానికొకటి. ఇంట్లో ఆవాల పొట్లాలు రెండుంటే ఒకే సీసాలో పోసేసే మనిషి కదా, వాటినీ అలాగే కాఫీ సీసాలో పోసి మూత బిగించింది. "సూడు, ఎంత సక్కంగ సర్దినానో!" అని నాతో చెప్పి మురిసిపోయింది కూడా.

అంతలో బాబా వచ్చారు. అమ్మ సీసా అందించబోతే "లా! లా!" వద్దు వద్దని ఒక్క అరుపు అరిచారు. వెంటనే గొంతు తగ్గించి, మెల్లగా బల్ల మీద పెట్టమన్నారు. ఆ కేకకు పరుగెత్తుకొచ్చిన నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు.

"కదిలించొద్దు మే! ఒగటి పేలితే అన్నీ పేల్తాయంట!"

అమ్మ బల్ల వైపు తిరిగింది. సీసాలో గలగలమంది. నేను చెవులు మూసుకున్నాను. ఎలాగో బల్ల మీద పెట్టింది.

"ఏరిస్తానని చెప్పు," అంది ఏడుస్తూ.

"రెండూ ఒగే మాదిరి ఉండాయి. ఏది ఏదో ఎట్ల తెలుస్తాది?" అన్నాడు నాన్న. అయినా ఆ మాట బాబాకు చెప్పాడు.

బాబా తల అడ్డంగా ఊపారు. అనుమానమున్న ప్రైమర్ ఒక్కటి కూడా వాడనన్నారు. వేరేవి దొరికే వేళ కాదు, ఆయన పోటీ ఖలాస్. మమ్మల్ని ఊరికి పంపేస్తారని అమ్మ అప్పుడే పెట్టె సర్దడం మొదలుపెట్టింది.

పిస్తోలు క్లబ్బువాళ్ళు వచ్చి సీసా జాగ్రత్తగా తీసుకెళ్ళాక, బాబా మా గదికి వచ్చారు. అమ్మ తల ఎత్తలేదు.

"తాళం వేయాల్సింది నేను. తప్పు నాది," అన్నారు హిందీలో. తర్వాత చాయ్ అడిగారు. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇప్పుడు నా కిందా మనుషులు పనిచేస్తున్నారు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయినా ఎవరి చేతిలోనైనా పని చెడితే, నోరు తెరిచే ముందు అందులో నేను చేయకుండా వదిలేసిందేమిటా అని వెతుక్కుంటాను. చాలాసార్లు దొరుకుతుంది.