మైకాయన ఆదివారం గొంతు

వీధిలో ఆయన్ని అందరూ మైకాయన అనే పిలుస్తారు. బస్టాండులో అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏ బస్సు ఎందుకు ఆలస్యమైందో మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. చేరిన రోజు నుంచి రిటైరయ్యేదాకా అదొక్కటే పని. ఊళ్ళో ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు, ఆ మొహం తెలిసినవాళ్ళూ లేరు. కూరగాయల కొట్టు దగ్గర నిలబడి "కాస్త జరగండి బాబూ" అంటే చాలు, ముందున్నవాళ్ళు ఎక్కడో విన్న గొంతే అనుకుంటూ వెనక్కి తిరిగి చూసేవారు. ఆ సంబరం ఆయనకు జీతం కన్నా ఎక్కువ.

అలాంటి మనిషికి, ఒంట్లో ఇంకెక్కడా చోటు దొరకనట్టు, గొంతులోనే జబ్బొచ్చింది. ప్రాణం నిలబడాలంటే స్వరపేటిక తీసెయ్యాలన్నాడు డాక్టరు. ఆయన ఇంకా గుటకలు మింగుతూనే ఉన్నాడు, పక్కన కూర్చున్న భార్య "తీసెయ్యండి" అనేసింది. అంత తొందరగా ఎలా అనగలిగిందని ఆయనకు కొంతకాలం కోపంగానే ఉండేది.

ఆపరేషన్‌కి ముందు ఆసుపత్రిలో మాటలు నేర్పే మేడం ఒక ఉపాయం చెప్పింది. ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆమె ఇచ్చిన వాక్యాలన్నీ ఆయన చదవాలి. రేపు గొంతు పోయాక, ఆయన ఏది టైపు చేస్తే అది కంప్యూటర్ ఆయన గొంతుతోనే పలుకుతుంది. మైకాయన పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ కూర్చునేవాడు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. మైకు కనపడగానే ఆయన వెన్ను నిటారుగా అయిపోయేది. "ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడండి సార్" అని మేడం ఆ రికార్డింగులు విని మొత్తుకుంది. ఆయన తలూపి, మళ్ళీ ప్రయాణికులకు చెప్పినట్టే చదివేవాడు. దాంతో ఆపరేషన్ అయ్యాక ఆ ఇంట్లో కూరలో ఉప్పు తక్కువైన సంగతి కూడా బస్టాండు ప్రకటనలాగే వినపడేది.

"ఆలస్యానికి చింతిస్తున్నాం అని కూడా అనండి, సరిపోతుంది" అనేది భార్య, ఉప్పు డబ్బా తెస్తూ.

నవ్వుకున్నా సరే, ఆ గొంతు ఆయనదే. మేడం దాన్ని కంప్యూటర్లో అమర్చి వెళ్తూ వెళ్తూ ఒక హెచ్చరిక చేసింది. "ఇది పాత సిస్టంలోనే పలుకుతుంది సార్. కొత్త అప్‌డేట్ వేశారంటే ఇంక గ్యారంటీ లేదు. ఎన్నిసార్లు అడిగినా వెయ్యకండి." తర్వాత ఆమె ఆ ఆసుపత్రి వదిలేసి ఎక్కడికో వెళ్ళిపోయింది. ఆ హెచ్చరిక మాత్రం మైకాయన కడుపులో కూర్చుంది.

ఇంతకీ ఆ గొంతు అన్నిటికన్నా ముఖ్యంగా కావలసింది అక్కయ్య కోసం. చిన్నప్పుడే తల్లి పోతే ఆవిడే ఆయన్ని పెంచి పెద్దచేసింది. తండ్రికి ఇదే జబ్బు, ఇదే చోట వచ్చి, మెడలో పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి తీస్తుంటే, మంచం పక్కన కూర్చుని చివరిదాకా చేసిందీ ఆవిడే. ఆ తర్వాత ఎవరి గొంతు కాస్త బొంగురుపోయినా ఆవిడకు కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. ఇప్పుడు చూపు ఆనదు, గుండె అంతంతమాత్రం, దూరాన కూతురి దగ్గర ఉంటోంది. ఆమెకు చెప్పొద్దని ఆసుపత్రికి వెళ్ళే ముందే మైకాయన భార్యచేత ఒట్టు వేయించుకున్నాడు. కోలుకున్నాక మెల్లగా చెబుదామన్నాడు. కోలుకున్నాడు గానీ, చెప్పే ధైర్యం రాలేదు. ఏడాది దాటింది, ఇంకో ఏడాదీ సగం గడిచింది.

అక్కయ్య ప్రతి ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తుంది. ఆ వేళకు మైకాయన కంప్యూటర్ ముందు కూర్చుని, స్పీకర్ పక్కన ఫోన్ పెట్టేవాడు. ఆయన టైపు చేసే వేగానికి అక్కయ్య నిద్రపోతుంది కాబట్టి, కావలసిన మాటలు ముందే సిద్ధం చేసి తెర మీద వరసగా పెట్టుకున్నాడు. "బాగున్నాను అక్కయ్యా." "అలాగా." "మందులు వేసుకుంటున్నావా?" "నువ్వు చెప్పినట్టే చేస్తాను." ఒక నవ్వు కూడా ఉంది. దేనిమీద నొక్కితే అది పలుకుతుంది.

"ఏమిట్రా నువ్వు, నాతో కూడా బస్సులు పిలుస్తున్నట్టు మాట్లాడతావు!" అని ఆవిడ ప్రతిసారీ తిట్టేది. ఆ తిట్టు వినపడ్డాకే భార్యాభర్తలిద్దరికీ ఊపిరి ఆడేది. ఈ వారం కూడా గండం గడిచిందన్నమాట.

అప్‌డేట్లు తయారుచేసే మహానుభావులకు ఇవన్నీ ఎవరు చెప్పాలి? బాగా నడుస్తున్నదాన్ని బాగుచెయ్యకపోతే వాళ్ళకు పొద్దుపోదు. మొదట తెర మూలన చిన్న చీటీ వచ్చింది, కొత్తది సిద్ధంగా ఉంది, వేసుకుంటారా అని. మైకాయన "తర్వాత" మీద నొక్కాడు. మర్నాడు మళ్ళీ వచ్చింది. మళ్ళీ నొక్కాడు. ఉద్యోగమంతా ఆలస్యాలు ప్రకటించిన మనిషి, ఒక ఆలస్యాన్ని తన చేత్తో చెయ్యడంలో మొదట్లో కాస్త సరదా కూడా పడ్డాడు. పోనుపోను ఆ చీటీ పెద్దదైంది, తెర మధ్యకు వచ్చింది. ఒకరోజు అందులో "తర్వాత" అన్న బొత్తామే లేదు. "ఇప్పుడే", "ఈ రాత్రికి" అని రెండే ఉన్నాయి. ఆయన ఏదీ నొక్కకుండా, గోడలోంచి వచ్చే ఇంటర్నెట్ తీగ పీకి చుట్టచుట్టి అలమరలో పెట్టేశాడు.

అప్పటినుంచి కంప్యూటర్ ఆపడం మానేశారు. ఆపి మళ్ళీ పెడితే ఏం చేస్తుందోనని భయం. భార్య ఆ గది ఊడ్చాలన్నా చీపురు ప్లగ్గుకు తగులుతుందేమోనని చేత్తో ఏరేది. కాపీ తీయించి పెట్టుకోమని తమ అల్లుడు ఫోన్‌లో ఎన్నోసార్లు చెప్పాడు. తీస్తూ తీస్తూ ఉన్నది కాస్తా పోగొడతారేమోనని మైకాయన ఎవర్నీ దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. పిరికితనం అనండి, ఇంకేమన్నా అనండి, గొంతు ఒక్కసారి పోగొట్టుకున్న మనిషి ఆయన.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు పోయింది. పోయినంత తొందరగానే తిరిగొచ్చింది. ఫ్యాను తిరిగింది, ఫ్రిజ్ గుర్రుమంది, వెనకగదిలో కంప్యూటర్ తనంతట తానే లేచింది. మైకాయన వెళ్ళి చూసేసరికి తెర మీద ఒక చుక్కల సున్నా తిరుగుతోంది. కింద అక్షరాలు: అప్‌డేట్ జరుగుతోంది, కంప్యూటర్ ఆపవద్దు.

తీగ పీకక ముందే అదంతా లోపలికి దించుకుని, సందు కోసం కాచుకు కూర్చుందని ఆయనకేం తెలుసు? గుమ్మంలోకి వచ్చి గోడ మీద దబదబా బాదాడు. భార్య వంటింట్లోంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ? ఊపిరాడట్లేదా?"

ఆయన తెర చూపించాడు. ఆమె నుదురు కొట్టుకుని, పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దరూ ఆ అంకెల్నే చూస్తూ ఉండిపోయారు. పది శాతం అయింది, ఇరవై అయింది. ముప్ఫై అయిదు దగ్గర ఆగింది. ఎంతసేపు చూసినా అక్కడే ఉంది. కిటికీలో ఎండ గోడ మీదికి జరిగింది గానీ ఆ అంకె జరగలేదు. మైకాయన మెడ దగ్గర, ఆపరేషన్‌లో ఊపిరి కోసం పెట్టిన రంధ్రానికి కట్టుకున్న గుడ్డ ఊపిరికి ఎగిరెగిరి పడుతోంది.

"ఆగిపోయినట్టుందండీ. ఏం చేద్దాం?"

బస్టాండులో మైకు కూతపెట్టినా, గురకపెట్టినా, మూగబోయినా ఆయనకు తెలిసిన వైద్యం ఒక్కటే. ప్లగ్గు పీకి, కాసేపాగి మళ్ళీ పెట్టడం. రిటైరయ్యేదాకా ఒక్కసారి కూడా వికటించని వైద్యం అది. ఆపవద్దని కళ్ళెదుట రాసి ఉంది. అయినా సాయంత్రం ముంచుకొస్తోంది, చేతులకు ఆ పని బాగా అలవాటు. వంగి ప్లగ్గు పీకేశాడు.

మళ్ళీ పెట్టాక తెర వెలిగింది. మార్పులు వెనక్కి తీస్తున్నాం అంది. ఆపైన ఆరిపోయింది. మళ్ళీ వెలిగి మళ్ళీ అదే మాట అని మళ్ళీ ఆరిపోయింది. చివరికి తెరంతా నీలంగా నిలిచిపోయి, ఏదో లోపం జరిగిందని ఒక ముక్క రాసి ఊరుకుంది. మైకాయన చేతులు ఒళ్ళో పడేసుకుని కూర్చున్నాడు. పెదవులు కదిలాయి. ఆ పెదవులు చదవడం భార్యకు అలవాటే.

"నేనే చంపేశాను" అన్నాడు.

ఆమె వెంటనే కంప్యూటర్లు బాగుచేసే అతనికి ఫోన్ చేసి కాళ్ళావేళ్ళా పడింది. పాపం, ఆదివారమైనా వచ్చాడు. అటూ ఇటూ నొక్కి, పెన్‌డ్రైవ్ ఒకటి పెట్టి చూసి, పెదవి విరిచాడు.

"మధ్యలో పీకేశారా అంకుల్? అదే తప్పయింది. డిస్కులో మీ ఫైళ్ళు ఉండే ఉంటాయి, ఉన్నాయో లేదో షాపుకి తీసుకెళ్ళి చూస్తేగానీ చెప్పలేను. కాపీ ఏమీ లేదా?"

మైకాయన తల అడ్డంగా ఊపాడు.

"సాయంత్రంలోపల ఒక్క అరగంట పలికిస్తే చాలు బాబూ" అంది భార్య.

"ఇవాళ్టికి అవదు ఆంటీ. కావాలంటే అంకుల్ ఫోన్‌లో వేరే గొంతు పెడతాను, టైపు చేస్తే అదీ చదువుతుంది." వద్దనేలోపే పెట్టి, ఒక ముక్క టైపు చెయ్యమన్నాడు. మైకాయన అలవాటుకొద్దీ టైపు చేశాడు.

"బాగున్నాను అక్కయ్యా" అంది ఫోన్. ఎవరో కుర్రవాడి గొంతు, నున్నగా, నదురుబెదురు లేకుండా. భార్య ఒక్కడుగు వెనక్కి వేసింది. ఆయన ఆమె మొహం చూసి, ఫోన్ బోర్లా పెట్టేశాడు. అక్కయ్యకు ఆ గొంతు వినిపించడం కన్నా చావు కబురు చెప్పడం మేలు.

బాగుచేసే అతను కంప్యూటర్ పెట్టెను చంకనపెట్టుకుని వెళ్ళిపోయాడు. అతని బండి చప్పుడు వీధి మలుపు తిరిగేసరికి భార్య ఫోన్ మోగింది. మోగనిచ్చారు. ఆగి మళ్ళీ మోగింది. ఎత్తకపోతే ఆవిడ భయపడిపోతుంది, ఎత్తితే వీళ్ళకు భయం. మూడోసారి మోగినప్పుడు భార్య ఎత్తి స్పీకర్‌లో పెట్టింది.

"వదినా, ఆయన పడుకున్నారు. కాస్త నలతగా ఉంటేనూ..."

"ఈ వేళప్పుడు పడుకోవడమేమిటే? వాడికేమైంది?"

"ఏం లేదు వదినా, ఊరికే..."

"నీ గొంతెందుకే అలా వణుకుతోంది? నిజం చెప్పు. వాడు ఉన్నాడా లేడా?" అక్కయ్య ఆయాసం ఇవతలికి వినపడుతోంది. "అమ్మాయ్, నా దగ్గర దాచకు. ఉన్నాడా?"

భార్య ఆయన మొహం వంక చూసింది. ఆ కాస్త ఆలస్యాన్ని అక్కయ్య ఇంకోలా అర్థం చేసుకుని ఏడుపు అందుకుంది. ఇంక మైకాయన ఆగలేకపోయాడు. ఫోన్ లాక్కుని నోటి దగ్గర పెట్టుకున్నాడు. వచ్చింది బుస్సుమనే గాలి ఒక్కటే, అదీ మెడలోంచి. గోటితో ఫోన్ మీద టకటకా కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు.

అవతల ఏడుపు ఆగింది.

"ఒరేయ్... నువ్వేనా? మాట్లాడవేంరా?" తండ్రి మంచం పక్కన అంతకాలం కూర్చున్న మనిషి, ఆ గాలి చప్పుడు పోల్చుకోకుండా ఎలా ఉంటుంది? "అవునైతే ఒకసారి కొట్టు. కాదంటే రెండుసార్లు. గొంతుకేనా?"

ఒకసారి.

"నాన్నకొచ్చిందేనా?"

ఒకసారి. భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

"తీసేశారా?"

ఒకసారి.

"ఈ మధ్యనేనా? ఈ నెల్లోనా?"

రెండుసార్లు.

"ఏడాది అయిందా?" ఒకసారి. మళ్ళీ మాట్లాడినప్పుడు ఆవిడ గొంతులో ఏడుపు లేదు, చీకట్లో ఏదో కాలికి తగిలినట్టు బెదురు ఉంది.

"మరి ఇన్నాళ్ళూ ప్రతి ఆదివారం నాతో మాట్లాడిందెవర్రా?"

ఆయన గోరు గాల్లోనే ఆగిపోయింది. దానికి ఒక దెబ్బా జవాబు కాదు, రెండు దెబ్బలూ కాదు. "ఆయనే వదినా, ఆయన గొంతే, కంప్యూటర్లో..." అని భార్య అందుకోబోయింది. "నువ్వుండవే" అంది అక్కయ్య. "వాణ్ణి అడుగుతున్నా. నువ్వేనట్రా?"

పోయిన ఆదివారం ఆవిడ స్నానాల గదిలో జారిపడిన సంగతి చెబుతూ ఏడ్చింది. పొడుగ్గా చెప్పింది. మైకాయన ఆ ఏడుపు సగమే విన్నాడు. మధ్యమధ్య "అలాగా" మీద ఒక వేలు నొక్కుతూ, రెండో చేత్తో పేపరు తిప్పుకుంటూ కూర్చున్నాడు. అంతకుముందు వారం కూడా అంతే. ఫలానా ఆదివారం నుంచి అలా మొదలైందని ఆయనే చెప్పలేడు.

కంప్యూటర్ లేని బల్ల వైపు చూశాడు. నీలం తెర ముందు కూర్చున్నప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు.

"కొట్టరా తమ్ముడూ" అంది అక్కయ్య. "నువ్వేనా?"

ఒకసారి కొట్టాలో, రెండుసార్లు కొట్టాలో ఆయనకు తెలియలేదు. అవతల ఆవిడ వింటూనే ఉంది.