ఇథైల్ బ్రోమైడ్ వాసన

మా కెమిస్ట్రీ మేష్టారు పోయారన్న కబురు ఆమదాలవలస స్టేషన్లో రైలు దిగుతుంటే తెలిసింది. చెప్పినవాడు నాతో డిగ్రీ చదివినవాడే. "లివరు పాడయిపోనాదటరా," అని, గొంతు తగ్గించి, "మందు అలవాటేమో, మనకి తెలీనేదు," అన్నాడు.

పాఠకులారా, ఆ మహానుభావుడు గోలీసోడా కూడా బుడగలన్నీ చచ్చాకే తాగే మనిషి!

మా ల్యాబులో విషవాయువుల్ని బయటికి లాగడానికని ఒక ఫ్యాను ఉండేది. అది తిరగ్గా చూసినవారెవరూ బతికిలేరు. పిచ్చుకలు అందులో సంసారం పెట్టాయి. అందుకని ఇథైల్ బ్రోమైడ్ తయారుచేసే రోజున, ప్రతి బ్యాచ్‌నీ మేష్టారు వరండాలోకి తరిమేసి, తానొక్కరే లోపల నిలబడేవారు. కిటికీ ఊచల్లోంచి మాకు పాఠం. ఫ్లాస్కులో ఆల్కహాలు, పొటాషియం బ్రోమైడు, సల్ఫ్యూరిక్ ఆసిడ్. కింద సన్నమంట. అవతల, చేపల బజారు నుంచి తెచ్చిన ఐసు వేసిన నీళ్లు. చల్లబడిన ఆవిరి బొట్లుబొట్లుగా ఆ నీళ్లలో పడి, తేలకుండా అడుక్కి దిగిపోయేది. రంగు లేదు. వాసన మాత్రం తియ్యన.

"ముప్పై ఎనిమిది డిగ్రీలకే మరిగిపోతాదిరా ఇది. మే నెల్లో మనూర్లో దీనికి పొయ్యెందుకు?" అనేవారు.

"పీలిస్తే ఏటవుద్ది సార్?"

"తల తిరుగుతాది. ఊపిరితిత్తులకీ లివరుకీ మంచిది కాదు. మీకింకా పెళ్లిళ్లవ్వాల. నాకయిపోనాది. దూరంగా నిలబడండెహె!"

మేం పడీపడీ నవ్వేవాళ్లం. ఇవాళ నా ఊపిరి సాఫీగా ఆడుతోందంటే అందులో ఆయన వాటా ఉంది.

కర్మల నాడు మేష్టారి భార్య నన్ను వంటింటి గుమ్మంలోకి పిలిచారు.

"బాబూ, నిజం సెప్పు. ఆయన తాగీవోరా? ఒక్కోరోజు సాయంత్రం సొక్కా తియ్యగా వాసనొచ్చీది. అడిగితే ల్యాబనీవోరు. నేను నమ్మనేదు. ఆ రోజల్లా ఆయన్తో మాటాడీదాన్ని కాదు."

"తాగలేదమ్మా. అది మాకోసం చేసిన ప్రాక్టికల్ వాసన," అని ఐసునీళ్లతో సహా అంతా చెప్పాను.

ఆవిడ ముఖం ఒక్క క్షణం తేటపడింది. వెంటనే, "అయితే అదేనా ఆయన్ని తినీసినాది?" అన్నారు.

అక్కడ నా డిగ్రీ చేతులెత్తేసింది. ఎంత పీల్చారో, ఎన్నేళ్లు పీల్చారో ఎవరు కొలిచారు?

"తెలీదమ్మా."

ఆవిడ గదిలోకెళ్లి బీరువా తెరిచారు. మేష్టారి చొక్కాలు ఒక్కొక్కటే తీసి, ముఖానికి ఆనించుకుని, గట్టిగా ఊపిరి పీల్చి, పక్కన పెడుతున్నారు.

అన్నీ ఉతికినవే.