మింగలేని బిళ్ళ

నాగాయలంకలో మా పక్కింటి పిన్ని చేపలమ్మేది. ఆవిడకు గొంతులో కేన్సరొచ్చింది. నొప్పికి హైదరాబాద్ ఆసుపత్రిలో మార్ఫిన్ బిళ్ళలిచ్చారు. ఒకటి మింగితే పన్నెండు గంటలు మెల్లమెల్లగా పనిచేస్తుంది. నూరితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి దిగి ప్రాణం మీదికొస్తుందని మరీమరీ చెప్పారు.

కొన్నాళ్ళకు ఆవిడకు చెంచాడు నీళ్ళు తప్ప ఇంకేమీ గొంతు దిగలేదు. అయినా రోజూ పొద్దున్నే బిళ్ళ అడిగి తీసుకుని గుప్పిట్లో పట్టుకుని కూర్చునేది.

"పట్టుకుంటే ఏమొస్తుంది పిన్నీ?" అన్నాను.

"మింగే గొంతే ఉంటే నాకిదెందుకమ్మాయ్?" అంది గుసగుసగా.

అదే మార్ఫిన్ నీళ్ళమందుగా దొరుకుతుందేమోనని బాబాయి మళ్ళీ హైదరాబాద్ వెళ్ళి, స్టాకు లేదన్నారంటూ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. పిన్ని విని తలూపింది. నా చెయ్యి లాక్కుని బిళ్ళ అందులో పెట్టింది.

"మింగగలిగినోళ్ళు ఎవరన్నా ఉంటే ఇవ్వమ్మా."

ఆ తర్వాత పదకొండు రోజులు బతికింది, ఆ నొప్పితోనే.