గుడ్ ఫ్రైడే నాడు మాత్ర మానేశాను

ఆగస్టు పదిహేను నాడు మా కాలేజీ ఆఫీసులో జెండా ఎగరేసి, మిఠాయి పంచి, తొమ్మిదిన్నరకల్లా అందరూ ఇళ్లకు పోయారు. నాకు ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. నా భార్య పోయి మూడేళ్లు. పిల్లలు లేరు. మాది మొయినాబాద్ దగ్గర హిమాయత్‌నగర్. మామూలు రోజులు ఎలాగో గడిచిపోతాయి కానీ సెలవొస్తే ఇల్లు మీద పడ్డట్టుంటుంది. అందుకే సెలవంటే నాకు బండి. ఒక్కడినే చేవెళ్ల దాటి పోయి, ఎక్కడో చాయ్ తాగి తిరిగి వచ్చేవాడిని.

ఆ రోజు చేవెళ్ల రాకముందే కాలిన రబ్బరు వాసన వచ్చింది. క్లచ్ ప్లేట్లు పోయాయనుకుని బండి పక్కకు ఆపాను. అంతవరకే గుర్తుంది. తెలివి వచ్చేసరికి గడ్డిలో పడి ఉన్నాను. నాలుక తెగింది, ప్యాంటు తడిసింది. రోడ్డు మీద మనిషి లేడు. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు బండిని మెకానిక్‌కు చూపించాను. “అన్నా, నీ బండికేం కాలే, మంచిగున్నది” అన్నాడు. బాగా లేనిది నేనేనని ఒప్పుకోవడానికి ఇంకో నెల పట్టింది. అదీ ఇంట్లో అలాగే పడి నుదురు పగిలాక.

న్యూరాలజీ డాక్టరు మొదట అడిగింది ఒకటే. “ఫిట్స్ వచ్చినప్పుడు చూసినోళ్లు ఎవరు? వాళ్లను తీసుకొచ్చిన్రా?”

“ఎవరూ చూడలేదు సార్.”

“ఇంట్ల పడ్డప్పుడు గూడ?”

“అప్పుడు కూడా సార్.”

ఆయన రాయడం ఆపి నా వైపు చూశాడు. ఆ చూపుకు నాకు ఏడుపొచ్చింది. ఈఈజీ నార్మల్ వచ్చింది. ఎమ్మారైలో మెదడులో చిన్న మచ్చ కనిపించింది. పాత ఇన్ఫెక్షన్ తాలూకు గ్రాన్యులోమా అన్నాడు. “టెస్టుల కంటె ఒక్కోసారి చూసినోళ్ల మాటనే మాకు పనికొస్తది. లెవెటిరాసెటామ్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఒక్క డోసు తప్పొద్దు. నేను చెప్పేదాకా బండి ముట్టొద్దు.”

మాత్రలతో మొదట్లో మత్తు, ఊరికే చిరాకు. రెండు నెలలకు అవి తగ్గాయి. బండి లేని వెలితి తగ్గలేదు. ఆఫీసుకు షేర్ ఆటోలో పోయేవాడిని. సెలవు రోజు బండిని తుడిచి, మళ్లీ కవరు కప్పేవాడిని. చేవెళ్లలో ఉండే మా అక్కకు జబ్బు సంగతి చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది, వచ్చి తన ఇంట్లో ఉండమంటుంది. ఫోన్ చేసినప్పుడల్లా “అంత మంచిదే” అనేవాడిని. నెలలు గడిచాయి, ఫిట్స్ రాలేదు. ఇక బాగైపోయాననుకున్నాను.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ రోజు మూడింటికి ఆరాధన ముగిసేదాకా మా ఇళ్లలో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టం. మాత్ర మింగాలంటే నీళ్లు తాగాలి కదా అని పొద్దుటి మాత్ర మానేశాను. దేవుని కోసం మానేసిన మాత్ర సంగతి దేవుడే చూసుకుంటాడులే అని ధైర్యం. పన్నెండింటికి మా సంఘంవాళ్లంతా చర్చికి పోయారు. మూడు గంటలు ఆ కుటుంబాల మధ్య ఒక్కడినే కూర్చోవడానికి నాకు మనసు రాలేదు. ఇంట్లోనూ రెండింటికి మించి కూర్చోలేకపోయాను. బండి కవరు తీశాను. డాక్టరు మాట మరిచిపోయి కాదు, గుర్తుండే తీశాను.

రోడ్డంతా ఖాళీ. చేవెళ్ల దాటేదాకా ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అప్పుడు మళ్లీ ఆ వాసన వచ్చింది. ఈసారి అది క్లచ్ కాదని తెలుసు. బండి ఆపి, స్టాండు వేసి, కింద కూర్చున్నాను.

కళ్లు తెరిచేసరికి పక్కకు ఒత్తిగిలి ఉన్నాను. నా చేతిలో కొడవలి! పక్క చేనులో పాలకూర కోస్తున్న అవ్వ ఒకామె నా దగ్గర కూర్చుని ఉంది.

“ఇనుము పట్టిస్తె తగ్గుతదంటరు బిడ్డా, నా తాన గిదే ఉన్నది” అంది. “ముందుగాల నీ ఎడమ చెయ్యి కొట్టుకున్నది. మూతి గటే గుంజింది. ఎన్కసిరి ఒళ్లంత. నురుగొస్తుంటే పక్కకు తిప్పిన. ఎవలకు ఫోన్ జెయ్యాలె? ఎవలున్నరు నీకు?”

“ఎవరూ లేరవ్వా” అన్నాను.

కాసేపటికి నా ఫోన్ మోగింది. అవ్వే ఎత్తింది. ఆరాధన ముగిశాక, నేను ఉపవాసం విడిచానో లేదో అడుగుదామని మా అక్క చేసింది. అవ్వ జరిగిందంతా చెప్పింది, నేనన్న మాటతో సహా.

అక్క ఆటోలో వచ్చింది. నన్ను లేపి కూర్చోబెట్టింది. “బీమారి దాసినవంటే దాసినవ్. ఎవ్వలు లేరంటవారా? నేను సచ్చిన్నా?” అంది.

మర్నాడు అక్క నాతో దవాఖానకు వచ్చింది. అవ్వ చెప్పింది చెప్పినట్టు డాక్టరుకు చెప్పింది. ఆయన ప్రతి మాటా రాసుకున్నాడు. ఇనుముతో లాభం లేదని, పక్కకు తిప్పడమే అవ్వ చేసిన మంచి పని అని చెప్పి, నన్ను తిట్టాడు. “ఉపవాసమని నన్నొక మాట అడగొద్దా? గుక్కెడు నీళ్లతోటి వేసుకొమ్మని చెప్తుంటి గదా.”

ఇప్పుడూ నేను హిమాయత్‌నగర్‌లోనే ఒక్కడినే ఉంటున్నాను. బండి అక్క ఇంట్లో ఉంది. డాక్టరు ఇంకా సరేననలేదు, ఎప్పటికీ అనకపోవచ్చు కూడా. సెలవులు ఇప్పటికీ పొడుగ్గానే ఉంటాయి. పొద్దున మాత్ర వేసుకోగానే అక్కకు ఫోన్ చేస్తాను.

ఫిట్స్ ఉన్నవారికి నేను చెప్పేది ఒక్కటే. జబ్బు పేరు, మాత్ర పేరు, మీ మనిషి ఒకరి నంబరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. నేను రాస్తున్నప్పుడు అక్క పక్కనే ఉంది. నంబరు రాసి మడవబోతుంటే చెయ్యి పట్టుకుంది.

“నంబర్ ఒక్కటే రాస్తె ఎవలదని తెలుస్తది? అక్క అని రాయి” అంది.

రాశాను.