నలభై రోజులు నేల తగలని కాలు

మీ ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వస్తే, ఆస్పత్రి నుంచి రాగానే మొదట ఎవరికి ఫోన్ చేస్తారు? నిజం చెప్పండి.

మా ఇంట్లో పావురం రక్తం పూసేవాడికి చేశారు. లాలాగూడలో ఉండే మా అక్కకు కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆమెకు కావలసింది ఒక్కటే: ఎవరి చెయ్యీ పట్టకుండా బాత్రూముకు వెళ్లడం. డాక్టరు రాసిచ్చిన ఫిజియోథెరపీ చీటీ ఫ్రిజ్ మీద పడి ఉంది. ఈ మనిషి మాత్రం వచ్చి, పావురం మెడ కోసి, వెచ్చటి రక్తం తొడ నుంచి పాదం దాకా రుద్దాడు. ఈగలు ముసిరాయి.

"ఒక మండలం కాలు కింద పెట్టనియ్యకున్రి. సల్లదనం తగిల్తే నరం సచ్చిపోతది," అన్నాడు.

మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడే నేను నోరు తెరవబోతే అక్కే అడ్డుకుంది. "ఊకో తమ్మీ, నీ ఉపన్యాసం మీటింగుల చెప్పుకో."

రక్తం గిన్నె పట్టుకున్నదీ నేనే.

మండలమంటే నలభై రోజులు. మెదడు నడకను మళ్లీ నేర్చుకునే అవకాశం ఎక్కువగా ఉండే తొలి వారాలవి. వాటిని మంచానికి కట్టేశాం. రక్తం మొదటి రోజే, మిగిలిన రోజులు అతనిచ్చిన నూనె పట్టించాం; కాలు నిగనిగలాడింది, కదల్లేదు. ఆ తర్వాత ఎవరో చెబితే కరెంటు మిషను తెచ్చారు. కరెంటు ఉన్నంతసేపు పాదం ఎగిరేది, తీస్తే వాలిపోయేది.

చివరికి ఫిజియోథెరపిస్టును పిలిచాం. ఆ అమ్మాయి మిషనును తప్పుపట్టలేదు.

"కరెంటు జెర సాయం చేస్తది ఆంటీ. నడక మాత్రం మీరే నేర్చుకోవాలె. కుర్చీ మీంచి లేవున్రి."

"కింద పెడితే నరం సస్తదట బిడ్డా!"

"ఇన్ని రోజులు పెట్టలే కదా, బతికిందా మరి?"

అక్క తిట్టింది. తర్వాత నవ్వింది. ఆ అమ్మాయి నడుం దగ్గర పట్టుకుంటే అక్క కుర్చీలోంచి లేచింది. రోజూ అదే పని: లేవడం, కూర్చోవడం, చచ్చుపడిన కాలి మీద బరువు మోపడం, గోడ పట్టుకుని అడుగు వేయడం. విసుగు పుట్టించే ఆ పనే ఆమెను నడిపించింది. నాలుగు నెలలకు చేతికర్రతో బాత్రూముకు ఒక్కతే వెళ్లింది. కాలి వేళ్లు ఇంకా నేలకు ఈడ్చుకుంటున్నాయి. ముందే మొదలుపెట్టి ఉంటే ఇంత ఈడ్చుకునేవి కావేమో. ఆ సంగతి ఇక ఎప్పటికీ తేలదు, తేలకుండా చేసింది మేమే.

మీ ఇంట్లోనూ ఇలా ఎవరినైనా పడుకోబెట్టారా? పావురంవాణ్ని గడప అవతలికి పంపండి. డాక్టరును అడిగి, ఈ రోజే ఫిజియోథెరపిస్టును పిలిచి, ఆ మనిషిని మంచం మీంచి లేపండి.