కొండచిలువకు పర్మిషన్

నేను రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, తొలకరి పడిన జూన్ నెలలో జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను పెనుబల్లికీ సత్తుపల్లికీ మధ్యనున్న ఒక సెక్షన్‌కు ఆఫీసర్‌ని. అడవిని శాఖవారు బీట్లుగా విడగొడతారు. రెండు మూడు బీట్లు కలిస్తే సెక్షన్, కొన్ని సెక్షన్లు కలిస్తే రేంజ్. పదో తరగతి పాసై గార్డుగా చేరిన నాకు సెక్షన్ దాకా రావడానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

చదువు తక్కువైనా చదవడం తక్కువ కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో టౌను గ్రంథాలయంలో పాముల మీద ఒక లావుపాటి ఇంగ్లిషు పుస్తకం కనిపించింది. ఇంటికిచ్చే పుస్తకం కాదది. ప్రతి ఆదివారం వెళ్లి, పక్కన నిఘంటువు పెట్టుకుని, బొమ్మలతో సహా రెండు నోటుబుక్కుల్లోకి దించుకున్నాను. లైబ్రేరియన్ నన్ను చూసి పరీక్షకు చదువుతున్నాననుకున్నాడు. ఏ పరీక్షా లేదు. కానీ తరువాత మా రేంజ్‌లో ఎక్కడ పాము కనిపించినా ముందు నాకే ఫోన్ వచ్చేది.

ఆ రోజు ఉదయం రేంజ్ ఆఫీసర్ ఫోన్ చేసి కొంచెం నవ్వుతూనే విషయం చెప్పారు. సాంబశివరావు అనే పామాయిల్ రైతు కొండచిలువ పిల్లను పెంచుకోవడానికి పర్మిషన్ కావాలని ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నాడట. చట్టం ప్రకారం కుదరదని నచ్చజెప్పి, పామును తీసుకొచ్చి అడవిలో వదలమన్నారు. అర్జీ పెట్టి అడిగిన మనిషి కాబట్టి కేసు దాకా పోవద్దని కూడా అన్నారు. నేనూ, మా బీట్ ఆఫీసర్ సరితా బండి మీద బయలుదేరాం. పాము పని మీద ఒక్కరే వెళ్లకూడదన్నది మా నియమం.

తోట అడవి అంచునే ఉంది. ఆ రోజు గెలల కోత. పామాయిల్ కోతలో మగవాళ్లు పొడుగు గెడకు కట్టిన కొడవలితో గెల కోస్తారు. కింద పడ్డప్పుడు రాలిన పండ్లను ఆడవాళ్లు చెట్టు మొదట్లో కూర్చుని ఒట్టి చేతులతో ఏరి గంపల్లో పోస్తారు. నరికిన మట్టలను చెట్ల వరుసల మధ్య పొడుగ్గా పేరుస్తారు. మేము వెళ్లేసరికి ఏరేవాళ్లు ఎనిమిది మంది గేటు దగ్గరే కూర్చుని ఉన్నారు. గంపలు బోర్లించి ఉన్నాయి. వాళ్ల మేస్త్రి ముత్తమ్మ లేచి ఎదురొచ్చింది. అడవిని ఆనుకున్న గూడెం మనిషి, యాభై దాటి ఉంటాయి.

"సారూ, జర మీరన్న చెప్పుండ్రి. అది పొడపాము. ఆయనేమో కొండచిలువంటడు. మేం లోపలికి పోం."

పొడపాము అంటే రక్తపింజర. పంపు షెడ్డులోంచి సాంబశివరావు గారు బయటికొచ్చారు. వాళ్ల నాన్న కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ భూమి కొన్న కుటుంబం. మర్యాదస్తుడు.

"వీళ్లకి పామంటే చాలండి, అన్నీ రక్తపింజరలే. రండి, మీరే చూడండి. నిన్న ఎలుక పిల్లనేస్తే ఎంత ముద్దుగా తిందో!"

సగానికి కోసిన నీలం డ్రమ్ము, పైన దోమతెర, దాని చుట్టూ సైకిలు ట్యూబు బిగించి ఉంది. లోపల జానెడు పాము. నేను తెర మీదుగా టార్చి వేసి చూశాను. వీపు మీద గొలుసు కట్టినట్టు మూడు వరుసల మచ్చలు, ఒక్కో మచ్చ చుట్టూ నల్లటి అంచు. పొలుసులు గరుకుగా, మెరుపు లేకుండా ఉన్నాయి. కొండచిలువకైతే మచ్చలు ఒక పద్ధతిలో ఉండవు, ఒళ్లు నూనె రాసినట్టు మెరుస్తుంది, తల మీద పొలుసులు పెద్దవిగా ఉంటాయి. దీని తల మీద అన్నీ చిన్న పొలుసులే. డ్రమ్మును వేలితో తట్టాను. ఆ జానెడు ఒంట్లోంచి కుక్కరు ఆవిరి వదిలినంత బుస వచ్చింది. నాకు నిమిషం కూడా పట్టలేదు.

రక్తపింజరేనని చెప్పాను. పిల్లకు కూడా పుట్టిన రోజు నుంచే విషం ఉంటుందని, ఆ విషం రక్తం గడ్డకట్టే గుణాన్ని చెడగొడుతుందని, మూత్రపిండాలు పాడవుతాయని వివరించాను. ఆయన నమ్మలేదు. ఫోన్‌లో కొండచిలువ ఫొటో తీసి డ్రమ్ము పక్కన పెట్టి చూపించారు.

"సాంబశివరావు గారూ, కొండచిలువది వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు, దగ్గర ఉంచుకోవడమే నేరం. మీ మాట నిజమైతే నేను కేసు రాయాలి. నా మాట నిజమైతే మీకు అంబులెన్సు పిలవాలి. రెండింట్లో ఏది కావాలో చెప్పండి," అన్నాను.

గేటు దగ్గర ఆడవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. స్టార్టర్ పెట్టె కింద గట్టు మీద కూర్చుండిపోయారు. రెండు రోజులుగా దానికి తిండి వేసిన చేతిని మరో చేత్తో పట్టుకుని చూసుకున్నారు.

నేను పామును హుక్కు కర్రతో సంచిలోకి దింపి, ఫారం తీశాను. జాతి, సంఖ్య, దొరికిన చోటు, వదిలిన చోటు అని అందులో గడులుంటాయి. జాతి గడిలో తెలుగు పేరు, దాని కింద శాస్త్రీయ నామం కూడా రాశాను. మా రేంజ్‌లో అది రాసేవాణ్ని నేనొక్కణ్నే. సంఖ్య గడిలో ‘ఒకటి’ అని రాశాను. అప్పుడే ముత్తమ్మ నన్ను దాటుకుని ఆయన ముందుకెళ్లి నిలబడింది.

"అయ్యా, ఇది గుడ్డు పెట్టే జాతి కాదు, పిల్లల్ని ఈనేది. ఒక్కటే ఎట్ల దొరికింది? కడమయి ఏం చేసినవ్?"

ఆయన తలెత్తలేదు. చేతిని చూసుకుంటూనే చెప్పారు. బోరు వెనక పాత మట్టల కుప్ప తానొక్కడే తీస్తుంటే పదకొండు కనిపించాయట. పారతో బకెట్లోకి ఎత్తారు. ఎలుకలు గెలలను కొరికి పాడుచేస్తున్నాయి కదా, కొండచిలువలు పెరిగితే ఎలుకల బెడద ఉండదని, ఒకటి తనకు ఉంచుకుని, మిగతా పదింటినీ మట్టల కింద వరుసకొకటి వదిలారు.

సరిత నా వైపు చూసింది. ఫారం ఇంకా నా చేతిలోనే ఉంది.

"ఏందయ్యా నువ్వు!" అంది ముత్తమ్మ. "పోయిన నెల జెర్రిపోతు కనబడితే కొట్టించి కంచెకు ఏలాడదీస్తివి. ఎలుకల్ని తినేదాన్ని సంపితివి, మమ్మల్ని సంపేదాన్ని సాదితివి. మా చేతులు ఆడనే గదా పెడ్తం!"

రక్తపింజర పిల్లల్ని కంటుందని నా నోటుబుక్కులో ఉంది. ఒక్క కాన్పులో ఇరవైకి పైనే ఉండవచ్చని కూడా ఉంది. జూన్‌లో పిల్లలు బయటపడతాయని నేనే ఎర్రసిరాతో గీత గీసి పెట్టుకున్నాను. అన్నీ తెలిసి ‘ఒకటి’ అని రాశాను. పేరు సరిగ్గా చెప్పానన్న తృప్తిలో తరువాతి ప్రశ్న అడగలేదు.

కోత ఆపమని ఆదేశించే అధికారం నాకు లేదు. అది పట్టా భూమి. కోత ఆలస్యమైతే పండు మగ్గిపోతుంది. అయినా ఆయనే లేచి కోతగాళ్లను బయటికి పిలిచారు. తరువాత ఏ వరుసలో ఎక్కడ వదిలారో వరుసగా చూపించారు. ఒక్కటీ మరిచిపోలేదు. తోటను అంత ప్రేమగా చూసుకునే మనిషి కాబట్టే ఆ పని చేశాడనీ, ఆ ప్రేమే మాకు ఆ రోజు దారి చూపిందనీ చెప్పాలి.

మట్ట ఎత్తడానికి ఒక పద్ధతి ఉంది. అవతలి అంచుకు హుక్కు తగిలించి మన వైపుకు ఎత్తాలి. అప్పుడు పాముకూ మనకూ మధ్య మట్ట అడ్డుగా ఉంటుంది, పాము అవతలికి పోతుంది. అక్కడ సరిత ఎడంగా నిలబడి, మరో హుక్కుతో, సంచితో సిద్ధంగా ఉండేది. ముత్తమ్మ మా వెనకే వస్తూ నీళ్ల పైపు ఉన్న వైపు చూడమంది. ఎండకు చల్లదనం వెతుక్కుంటాయట. దొరికిన మొదటి నాలుగూ ఆ వైపే ఉన్నాయి. అది నా పుస్తకంలో లేదు.

ఐదోది మట్టల కింద లేదు. చెట్టు మొదట్లో, రాలిన ఎర్రటి పండ్ల మధ్య, ఎండిన పూతలో చుట్టుకుని ఉంది. నేను రెండుసార్లు చూసినా కనిపించలేదు. ముత్తమ్మ చూపుడువేలు పెట్టి చూపించింది. వేలికీ దానికీ మధ్య మూరెడు దూరం. "ఇగో, నా చెయ్యి పెట్టే జాగల్నే పండుకుంది," అంది మెల్లగా.

మధ్యాహ్నానికి ఏడు దొరికాయి. మూడు దొరకలేదు. తల్లి జాడ లేదు. రేంజ్ ఆఫీసర్ అనుమతితో డ్రమ్ములోదాంతో కలిపి ఎనిమిదింటినీ అదే బీటులో, గూడేనికి దూరంగా ఉన్న వాగు అవతల వదిలాం. ఎక్కడో తీసుకెళ్లి వదిలితే పాము బతకదు. దానికి ఆ నేలా, ఆ ఎలుకల దారులూ తెలిసి ఉండాలి.

దొరకని మూడింటి మాటేమిటని ముత్తమ్మ అడిగింది. అందుకే పని పద్ధతి మార్చమని సాంబశివరావు గారితో మాట్లాడాను. ఒట్టి చేతులతో ఏరడం మానేసి చేతి దంతెలతో పండ్లను ముందు బయటికి లాగాలి, తరువాత ఏరాలి. కాళ్లకు గమ్‌బూట్లు ఉండాలి. మట్టలను చెట్టు మొదలుకు దూరంగా పేర్చాలి. జెర్రిపోతు జోలికి పోకూడదు. దంతెలు వచ్చేదాకా తాము రామని ముత్తమ్మ తేల్చి చెప్పింది. మూడో రోజుకు దంతెలు వచ్చాయి.

పన్నెండు రోజులకు మళ్లీ కోత వచ్చింది. ముత్తమ్మ దంతెతో పండ్లు లాగుతుంటే వాటితోపాటు తొమ్మిదోది వచ్చింది. చంపకుండా గంప బోర్లించి నాకు ఫోన్ చేయించింది. నేను వెళ్లేసరికి గంప మీద రాయి పెట్టి, దాని పక్కనే కూర్చుని అన్నం తింటోంది. మిగతా రెండూ నాకు తెలిసి ఎవరికీ కనిపించలేదు. నేను ఆ సెక్షన్ వదిలే దాకా ఆ తోటలో ఎవరికీ కాటు పడలేదు.

దొరికిన పామును పెంచుకోవచ్చా అని ఇప్పటికీ అడుగుతుంటారు. చట్టం ఒప్పుకోదని మొదటి జవాబు. రెండో జవాబు నా అనుభవం. గార్డుగా ఉన్నప్పుడు పొలుసులు లెక్కపెట్టడానికి విషం లేని నీరుకట్టె ఒకదాన్ని తొమ్మిది రోజులు గాజు సీసాలో ఉంచాను. అది ఏమీ తినలేదు. మూతిని గాజుకు రాసి రాసి పుండు చేసుకుంది. నాకు పొలుసుల లెక్క వచ్చింది. దానికేమీ రాలేదు. పదో రోజు చెరువులో వదిలేశాను. పాముకు మనిషి దగ్గర కావలసిందేదీ ఉండదు. ఏ పామో సరిగ్గా తెలియని మనిషి దగ్గర ఉంటే మనిషికీ మంచిది కాదు.

ఆ ఫారం నకలు నా దగ్గరుంది. సంఖ్య గడిలో ‘ఒకటి’ కొట్టేసి ఉంటుంది, పక్కన ‘పదకొండు, ఇంకా ఉండవచ్చు’ అని ఉంటుంది, కింద నా పొట్టి సంతకం. కొత్తగా చేరిన బీట్ ఆఫీసర్లు పాముల గురించి అడగడానికి వస్తే ముందు నోటుబుక్కులు ఇస్తాను, తరువాత ఆ ఫారం చూపిస్తాను. జాతి గడి నింపడానికి పుస్తకం చాలు. సంఖ్య గడి మాత్రం అక్కడ పనిచేసేవాళ్లను అడిగాకే, అన్నిటికంటే చివర నింపాలి.