పార్వతమ్మ సంచి, గేటు దగ్గరి యంత్రం

ఎనిమిది రోజులు పార్వతమ్మను జాతర గేటు పక్కన నేల మీద కూర్చోబెట్టారు. నేరమేమిటో ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. రోజూ రెండు గంటలు పోయాక "ఇంక లోపలికి పో" అంటే, చీపురు పట్టుకుని లేచి వెళ్లేది.

నందవరం పక్క పల్లె ఆమెది. ముప్ఫై ఏళ్లుగా పత్తి మొదళ్లకు ఎరువు వేసి వేసి వేళ్ల సందులు పగిలిపోయాయి, నడుము వంగనంటోంది. జాతర నెలంతా సరిగ్గా ఊడిస్తే ఏడాది పొడుగునా పనిలో పెట్టుకుంటానన్నాడు కాంట్రాక్టరు. చేని పని తప్పించుకోవడానికి ఆమెకు మిగిలిన దారి అదొక్కటే.

గేటు దగ్గర ఈసారి కొత్త యంత్రం పెట్టారు. చేతులకూ సంచికీ గుడ్డపీలిక రుద్ది అందులో పెడితే, పేలుడు మందు నలుసంత అంటినా పసిగడుతుందట. పార్వతమ్మ వంతు వచ్చిందంటే చాలు, కుయ్యిమని ఎర్రలైటు వెలిగేది.

"ఏం పెద్దమ్మా, బాంబు గాని కట్టుకొచ్చినావా?" తోటి పనివాడు బసవన్న ఎగతాళి.

"జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తెచ్చినా. తిని సూడప్పా, పేలితే సెప్పు."

నవ్విందే గాని, ఇంటికి పోయి ఇటుకపొడితో చేతులు రుద్దుకుంది. నెత్తురు చిమ్మింది. మర్నాడూ అదే కూత.

తొమ్మిదో రోజు కాంట్రాక్టరు ఆమె పేరు కొట్టేశాడు. దినామూ ఆలస్యమట.

ఆ రోజే గేటు కాపలాదారు జయరాజు ఆమె సంచిని తిరగేసి చూశాడు. ఎరువు బస్తాను కత్తిరించి కుట్టుకున్న సంచి అది. ఖాళీ బస్తాను ఈ సీమలో ఎవరు పారేస్తారు? వానకు గొంగడి, కూటికి సంచి అదే.

"దీంతోనే పెద్దమ్మా! ఈ ఎరువులో ఉండే మందే బాంబుల్లోనూ ఏస్తారంట. మిషనుకు రైతెవరో దొంగెవరో తెలీదు."

"మొదటి దినమే సెప్పింటే పారేసి వస్తాంటి గదప్పా."

జయరాజు తల దించుకున్నాడు. "నాకూ ఈ పొద్దే మిషను సారొకాయన సెప్పినాడు. లైటు సూడమన్నారు గాని, ఎందుకు ఎలుగుతాదో మాకెవురూ సెప్పల్యా."

పార్వతమ్మ ఇప్పుడు మళ్లీ చేలోనే ఉంది, వట్టిచేతులతోనే ఎరువు వేస్తోంది.

తనిఖీ వద్దనడం లేదు. కానీ ఆ యంత్రం అనుమానం చెబుతుంది, తీర్పు కాదు. మీ ఊరి జాతరలోనో స్టేషన్లోనో ఒక కూలిని ఇలా కూర్చోబెడితే, కారణం తెలుగులో చెప్పమని అక్కడే నిలబడి అడగండి. సంచి పక్కన పెట్టించి, చేతులు కడిగించి రెండోసారి పరీక్ష చేయమనండి. చేయకపోతే పదిమంది సంతకాలతో అర్జీ రాసి తహశీల్దారుకు ఇవ్వండి. పార్వతమ్మ అడగలేదు. మీరు అడగండి.